కడితం మడతలు

కడితం అన్నది చాలాకాలం నాకు నిఘంటువులో మాట మాత్రమే. మార్క్ విల్క్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1810లో అచ్చువేసిన దక్షిణదేశ చరిత్రలో దాని తయారీ చదివాక రెండురోజులు అదే ధ్యాస. అడుగుకు మించని వెడల్పు, 12 నుంచి 18 అడుగుల పొడవు ఉన్న నూలుగుడ్డకు రెండువైపులా జిగురూ బొగ్గుపొడీ కలిపి పట్టించేవారట. ఆరాక, ఎక్కడా కోయకుండా పుస్తకంలా మడతలు వేసి, అటూ ఇటూ రంగుచెక్కలు బిగించేవారు. రాత బలపంతో. తప్పు పోతే తుడిచి మళ్లీ రాయడమే. నల్లని నేల, తెల్లని అక్షరం, ఎంతకీ తెగని ఒకే పుట. రోజూ పొద్దున్నే నేను పనులు రాసుకునే టెక్స్ట్ ఎడిటర్ అచ్చం ఇదే కదా!

మనం కడితం అన్నదాన్నే కన్నడిగులు కడత అన్నారు. సరిహద్దు ఊళ్లైన గద్వాల, మక్తల్ సంతల్లో నేటికీ ఈ రెండు భాషలూ వినిపిస్తాయి. కడితం ఎక్కువగా వర్తకుల, దుకాణదారుల పుస్తకం. అందుకే నాకు దిగులు. తాటాకు మీద గంటం గీసిన కావ్యం నిలిచింది. బలపంతో రాసిన పద్దు చాలావరకు బాకీ తీరగానే చెరిగిపోయి ఉంటుంది. ఆ ఏడు జొన్నలు ఎంత పలికాయో, ఎవరింటి పెళ్లికి ఎన్ని చీరలు అరువు పోయాయో ఆ మడతల్లోనే ఉండేది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించే నాటికి, సామాన్యుల బతుకును ఎక్కువగా కావ్యాల్లోంచే ఏరుకోవలసి వచ్చింది.

తర్వాత కాగితం వచ్చింది, పట్వారీ పహాణీలు వచ్చాయి. బొగ్గు మాత్రం గోడలెక్కింది. మా నానమ్మ వంటింటి సున్నపు గోడ మీద పాలలెక్క గీతలు గీసేది. నెల తిరగ్గానే తడిగుడ్డతో తుడిచేది.

ఇక కంప్యూటర్‌లో రాతకు వస్తే, 1969లో కెన్ థాంప్సన్ అనే ప్రోగ్రామర్ 'ఈడీ' అనే ఎడిటర్ రాశాడు. కానీ నా మనసు ఆగింది 2003 దగ్గర. కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళశాస్త్రవేత్త తన నోట్సు, పనులు చక్కబెట్టుకోవడానికి ఈమాక్స్ ఎడిటర్‌లో 'ఆర్గ్ మోడ్' తయారుచేసుకున్నాడు. అందులో ట్యాబ్ మీట నొక్కితే శీర్షిక కింద ఉన్నదంతా మడతపడుతుంది. మళ్లీ మడతలే!

ఇప్పుడు నా నోట్సు నల్లని తెర మీద, ప్రతాపరెడ్డి పేరే పెట్టిన 'సురవరం' ఖతిలో తెరుచుకుంటుంది. అయిపోయిన పనిని చెరపడం మానేశాను. ఫైలు అడుగున ఒక మడతలో దాస్తున్నాను, నిన్న కొన్న కందిపప్పు ధరతో సహా.