చీపురుపల్లి రైలు, భీమిలి చర్చి

మా చీపురుపల్లి వైపు పాత క్రైస్తవ సంఘాలు ఎక్కువగా బాప్టిస్టులవే. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1875లో భీమిలిలో, 1879లో బొబ్బిలిలో కాలుమోపి పల్లెలు పట్టుకు తిరిగారు. ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు చర్చి వాళ్ల తీరు చూడాలనుకున్నవాళ్లకు మాత్రం నేను భీమిలి సెయింట్ పీటర్స్ చర్చికి దారి చెబుతాను.

రెవరెండ్ జాన్ గ్లాసన్ 1855లో పని మొదలుపెట్టిస్తే, చర్చి ప్రతిష్ఠ 1864లో జరిగింది. ఈలోగా 1861లోనే భీమిలి మునిసిపాలిటీ కూడా అయింది. రేవు కళకళలాడిన రోజులవి. మన నేలమీద పండిన గోగునార అక్కడ ఓడలెక్కి, ‘బిమ్లీ జూట్’ పేరుతో దేశాలు దాటింది. ఆ వ్యాపారంతో, సర్కారు కొలువులతో వచ్చిన దొరల కుటుంబాల కోసం కట్టిన ప్రార్థనాలయం ఇది.

లోపలికి అడుగుపెడితే చూపు ముందుగా బలిపీఠం వైపు పోతుంది. సిలువ మీది యేసు బొమ్మ ఉన్న రంగుటద్దాల మీద వెలుగు పడ్డప్పుడు కాసేపు కదలబుద్ధి కాదు. మా బాప్టిస్టు మందిరాల్లో అలంకారం తక్కువ, ప్రసంగానికే పెద్దపీట. బాప్తిస్మం దగ్గర తేడా ఇంకా స్పష్టం. ఆంగ్లికన్లు పసిబిడ్డ తలమీద నీళ్లు పోస్తారు, దానికి చిన్న రాతి తొట్టె చాలు. బాప్టిస్టులు ఎదిగిన మనిషిని నిండా ముంచుతారు, దానికి చెరువో ఏరో కావాలి. నమ్మకాన్ని బట్టే కట్టడం.

1890లలో రైలు వచ్చింది. మా ఊరికి స్టేషనిచ్చిన ఆ లైను భీమిలిని తాకకుండా పోయింది. సరుకు రైలెక్కింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక భీమిలి రేవు ఇంకా చిక్కిపోయింది. దొరలు వెళ్లిపోయారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. మా బాప్టిస్టులు కలవలేదు. దొరల కోసం కట్టిన ఆ చర్చి ఈనాడు తెలుగు కుటుంబాలది. నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

ఒక వెలితి మాత్రం ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ ఆంగ్లికన్ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల వివరాల నకళ్లు మద్రాసు నుంచి లండన్‌కు వెళ్లేవి, ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉన్నాయి. కానీ మన పల్లెల్లో మొదట బాప్తిస్మం పొందిన తాతల, అమ్మమ్మల పేర్లు చాలావరకు ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. ప్రతి సంఘం ఒక నోటుపుస్తకం తీసి, వాళ్లను కూర్చోబెట్టి, ఈ ఏడాదే రాసుకోవాలి.