బరువంటే డీజిలేనా? అమెరికా పికప్ బండ్ల చరిత్ర, మన పిల్లలకు ఒక మాట



పోయిన నెల మన గ్రూపులో టెక్సస్ నుంచి ఒక కుర్రాడు ఒక మాట అడిగాడు. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడిలో తరాలుగా సేద్యం చేసిన ఇంటి మనవడు. అక్కడ ఉద్యోగం చేసుకుంటూనే కొన్ని ఎకరాలు కొన్నాడు, ఒక చిన్న ట్రాక్టరూ కొన్నాడు. దాన్ని ఏడాదికి మూణ్ణాలుగుసార్లు ట్రైలర్ మీద ఎక్కించి తీసుకెళ్లాలి. "వాడిన పికప్ ఒకటి కొందామనుకుంటున్నా మామా, పెట్రోలా, డీజిలా?" అన్నాడు. సాయంత్రానికి మనవాళ్లందరిదీ ఒకటే జవాబు: "బరువు లాగాలంటే డీజిలే."

మేము ఆ రోజు ఏమీ రాయలేదు. కారణం ఉంది. మూడేళ్ల కిందట మరో ఇంటి అమ్మాయి, అల్లుడు ఇదే అడిగితే ఇదే జవాబు మేము చెప్పాం. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, వాళ్లు రోజూ ఎంత దూరం తిరుగుతారని కూడా అడగలేదు. వాళ్లు మా మాట మీద పాత డీజిల్ బండి కొన్నారు. రోజూ నాలుగు మైళ్ల ఆఫీసు దారి, ఏడాదికి రెండుసార్లు ట్రైలర్. రెండేళ్లలోపే పొగగొట్టంలోని మసి వడపోత పూడుకుపోయింది, దానితో పాటు ఇంకా కొన్ని పోయాయి. రిపేరుకు చెప్పిన ఖర్చు విని ఆ అమ్మాయి వాళ్లమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది. తప్పు బండిది కాదు, మా సలహాది. ఆ తర్వాతే ఈ చరిత్ర చదివాం. చదివింది మీ ముందు పెడుతున్నాం.

ముందు మన సంగతి చూద్దాం. "బరువంటే డీజిలు" అన్న మాట మనకు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1940ల చివర ముంబైలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టినప్పుడు అవి పెట్రోలు బండ్లే. ఆ పెట్రోలు జీపులే వెనక ట్రైలర్లు కట్టుకుని ఎస్టేట్లలో, కాలవ పనుల్లో తిరిగాయి. మన దేశంలో డీజిలు గెలిచింది ధర వల్ల. లారీలూ పంపుసెట్లూ నడవాలని ప్రభుత్వం దశాబ్దాల పాటు డీజిలు ధరను అదుపులో ఉంచి చవకగా అమ్మింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద అదుపు తీసేశారు. డీజిలు మీద తీసింది 2014 అక్టోబరులో. అంతకాలం లీటరుకు అంత తేడా ఉంటే ఎవరు మాత్రం పెట్రోలు పోసి బరువు లాగుతారు? మనం బలం అనుకున్నదాంట్లో సగం చవకతనం.

అమెరికాలో ఆ చవకతనం లేదు. అక్కడ కేంద్ర పన్నే పెట్రోలు మీద గాలన్‌కు 18.4 సెంట్లు, డీజిలు మీద 24.4 సెంట్లు. చాలా ఏళ్లుగా బంకులో డీజిలే ఖరీదు. కాబట్టి మన అనుభవాన్ని మూటగట్టి అక్కడికి పంపితే పని చెయ్యదు. అక్కడి చరిత్ర అక్కడే చూడాలి.

ఆ చరిత్ర పెట్రోలుతోనే మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి రైతులు కారు వెనక భాగం కోసేసి చెక్కపెట్టె బిగించుకునేవాళ్లు. అది చూసి ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టీ కారుకు ఇనుప పెట్టె బిగించి తానే అమ్మింది. ఫ్యాక్టరీ నుంచే తయారై వచ్చిన మొదటి ఫోర్డ్ పికప్ అది. ధర 281 డాలర్లు, బలం 20 హార్స్‌పవర్. మన హళ్లికార్ జతకు బండి కట్టుకుని సంతకు పోయినంత సులువుగా ఆ రైతు ఊరికి పోయి రాగలిగాడు. 1946లో డాడ్జ్ కంపెనీ యుద్ధంలో వాడిన బండ్ల అచ్చులోనే పవర్ వాగన్ తెచ్చింది. అదీ పెట్రోలే. 1948లో ఫోర్డ్ ఎఫ్ వరస వచ్చింది.

ఆ కాలంలోనే ఈ బండ్లకు అరటన్ను, ముప్పావుటన్ను, టన్ను అన్న పేర్లు స్థిరపడ్డాయి. పెట్టెలో ఎంత బరువు వెయ్యవచ్చో చెప్పే పేర్లవి. ఇప్పుడు బండ్లు అంతకన్నా చాలా ఎక్కువే మోస్తాయి కానీ పేర్లు నిలిచిపోయాయి. ఎఫ్-150, 1500 అని రాసి ఉంటే అరటన్ను. ఎఫ్-250, 2500 అంటే ముప్పావుటన్ను. ఎఫ్-350, 3500 అంటే టన్ను. బయట నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా కింద ఉంటుంది: చట్రం మందం, వెనక ఇరుసు లావు, బ్రేకు డిస్కుల వెడల్పు, కమాన్‌పట్టీలు. మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పరుగుకు హళ్లికార్, బరువుకు ఒంగోలు. రెండూ ఎడ్లే, రెంటి పనీ ఒకటి కాదు.

1970ల మొదట్లో పెట్రోలు ఇంజన్లు మహా పెద్దవయ్యాయి. షెవర్లే 454 అంటే 7.4 లీటర్లు, ఫోర్డ్ 460 అంటే 7.5 లీటర్లు. గుర్రాల ట్రైలర్లు, పడవలు, సెలవుల్లో తిరిగే ఇల్లుబండ్లు, అన్నిటినీ అవే లాగాయి. 1973 చివర చమురు సంక్షోభం వచ్చి బంకుల ముందు వరసలు కట్టాక వాటి తిండి అందరికీ కనబడింది. డీజిలుకు తలుపు తెరుచుకున్నది అప్పుడే. 1982లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల డీజిలు, 1983లో ఫోర్డ్ 6.9 లీటర్ల డీజిలు తెచ్చాయి. 1989లో డాడ్జ్ పికప్‌లో కమిన్స్ 5.9 లీటర్ల టర్బో ఇంజన్ వచ్చింది. హార్స్‌పవర్ 160 మాత్రమే, తిప్పే బలం మాత్రం 400 పౌండ్-అడుగులు, అదీ చాలా తక్కువ వేగం దగ్గరే. రోజూ బరువు లాగేవాళ్లకు అది వరమైంది. "నిజమైన లాగుడు బండి అంటే డీజిలే" అన్న పేరు అమెరికాలో కూడా అప్పుడే పడింది. ఆ రోజుల డీజిలు సాదాసీదా యంత్రం కాబట్టి ఆ పేరుకు అర్హత కూడా ఉంది.

ఆ తర్వాత రెండు మలుపులు వచ్చాయి. 2007లో పొగ నిబంధనలు బిగిసి మసి వడపోత వచ్చింది. 2010 నుంచి నత్రజని వాయువులను తగ్గించడానికి యూరియా ద్రవం పోసే ఏర్పాటు వచ్చింది. గాలి శుభ్రంగా ఉండాలంటే ఇవి కావలసినవే, వాటిని తప్పుపట్టడం లేదు. కానీ ఆ వడపోతలో చేరిన మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. అంటే బండి బరువుతోనో, హైవే మీద ఎక్కువసేపో నడవాలి. రోజూ నాలుగు మైళ్లు పోయి ఆగే బండిలో ఆ వేడి పుట్టదు, మసి పేరుకుంటుంది. మా సలహా విన్న ఆ పిల్లలకు జరిగింది ఇదే. రోజూ అరక దున్నాల్సిన ఎద్దును కొట్టంలో కట్టేస్తే జబ్బు చేసినట్టు.

డీజిలు ఇలా క్లిష్టమవుతున్న కాలంలోనే పెట్రోలు ఇంజన్లు నెమ్మదిగా బాగుపడ్డాయి. ఇప్పుడు వాడిన బండ్ల బజారులో దొరికేవి ఇవే:

ఫోర్డ్ 6.8 లీటర్ల ట్రైటన్ వీ10 ఇంజన్ 1999లో సూపర్ డ్యూటీ బండ్లతో వచ్చింది. 2005 రకంలో 362 హార్స్‌పవర్, 457 పౌండ్-అడుగులు. దీంట్లో స్పార్క్ ప్లగ్గుల గొడవ పేరుమోసింది. తొలి రకాల్లో మర తక్కువ ఉండి కొన్ని ప్లగ్గులు ఊడి ఎగిరేవి, తర్వాతి రకంలో విప్పేటప్పుడు విరిగేవి. ప్లగ్గులు మార్చిన రసీదు అడగాలి.

జనరల్ మోటార్స్ 8.1 లీటర్ల ఇంజన్ 2001లో వచ్చింది. 340 హార్స్‌పవర్, 455 పౌండ్-అడుగులు. అలిసన్ గేర్‌బాక్సుతో ఉన్నది దొరికితే మంచి జత. తిండి ఎక్కువ, వయసూ ఎక్కువ.

అదే కంపెనీ 6.0 లీటర్ల ఇంజన్ బలంలో తక్కువ, మన్నికలో మంచి పేరు. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఫోర్డ్ 6.2 లీటర్లు 2011 నుంచి, 385 హార్స్‌పవర్, 405 పౌండ్-అడుగులు. రామ్ 6.4 లీటర్ల హెమీ 2014 నుంచి, 410 హార్స్‌పవర్, 429 పౌండ్-అడుగులు. ఫోర్డ్ 7.3 లీటర్లు 2020 నుంచి, 430 హార్స్‌పవర్, 475 పౌండ్-అడుగులు. 1989లో డీజిలును రాజును చేసిన ఆ 400 అంకెను ఇప్పుడు మామూలు పెట్రోలు ఇంజన్లే దాటిపోయాయి.

పెట్రోలు ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగు వేల చుట్లు తిరుగుతూ అరుస్తుంది. డీజిలుకు అలవాటుపడిన చెవికి ఏదో విరిగిపోతున్నట్టుంటుంది. భయపడనక్కర్లేదు, అది ఆ పనికి చేసిందే. దిగేటప్పుడు గేరు తగ్గిస్తే అదే ఇంజను బండిని ఆపుతూ దిగుతుంది.

ఇక అసలు జాగ్రత్త అంకెల దగ్గర. చాలాకాలం "మా బండి ఇంత లాగుతుంది" అన్న అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంత లెక్కతో వేసుకునేది. 2008లో ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ జే2807 అనే ఉమ్మడి పరీక్ష రాసింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎత్తుదారి ఉంది. ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, చెప్పిన బరువు తగిలించుకుని, మామూలు వెనక చక్రాల బండి గంటకు 40 మైళ్లకు తగ్గకుండా అది ఎక్కాలి. 2011 రకానికి టయోటా ముందుగా ఒప్పుకుని తన టండ్రా అంకెను తానే తగ్గించుకుంది. మిగతా పెద్ద కంపెనీలు ఎక్కువగా 2015 నాటికి వచ్చాయి. కాబట్టి 2008 బండి ప్రకటనలో ఉన్న అంకెనూ 2018 బండి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఉమ్మడి అంకె కూడా సగం మాటే. లెక్క చూడండి. ఆ కుర్రాడి ట్రాక్టరు, ముందు బకెట్టు, ట్రైలరు కలిపి 3,400 కిలోలు అనుకుందాం. ఎఫ్-150లో 2011లో వచ్చిన టర్బో పెట్రోలు ఇంజన్‌కు 11,300 పౌండ్లు, అంటే 5,100 కిలోలకు పైగా లాగుతుందని ప్రకటన. హాయిగా లాగుతుంది కదా అనిపిస్తుంది. కానీ ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద, అంటే పికప్ వీపు మీద పడుతుంది. ఇక్కడ అది 340 నుంచి 510 కిలోలు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిపి 270. కొక్కెం, గొలుసులు, పనిముట్లు 60. మొత్తం 670 నుంచి 840. అరటన్ను బండ్లలో చాలావాటికి తలుపు చట్రం మీద స్టిక్కరులో రాసిన మోత 650, 750 కిలోల దగ్గరే ఉంటుంది. ఇంజను లాగగలదు, వీపు మొయ్యలేదు. వీపు కుంగితే ముందు చక్రాలు తేలతాయి, స్టీరింగు మాట వినదు, ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఆ బండిలో ఉండేది మన పిల్లలే.

అందుకే మా తేల్పు ఇది. ఏడాదికి నాలుగుసార్లు అంత బరువు లాగేవాడికి ముప్పావుటన్ను పెట్రోలు బండి సరైనది. కొనేటప్పుడు మన తాతలు సంతలో ఎద్దును చూసినట్టే చూడాలి. దళారి మాట వినేవాళ్లు కానీ, పళ్లు తామే చూసేవాళ్లు. మెడ మీద కాడి కాయ తడిమేవాళ్లు, గిట్టలెత్తి చూసేవాళ్లు, బండికి కట్టి నాలుగడుగులు నడిపించేవాళ్లు.

ఇక్కడ కాడి కాయ అంటే కొక్కెం. అది బాగా అరిగి ఉంటే బండి ఎప్పుడూ బరువు లాగిందని అర్థం. గేర్‌బాక్సు నూనె వాసన చూడండి, మాడు వాసన వస్తే వదిలెయ్యండి. మంచు రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బండి కింద పడుకుని చట్రం, బ్రేకు గొట్టాలు తుప్పు పట్టాయేమో చూడాలి. చల్లగా ఉన్న ఇంజను స్టార్ట్ చేసి టిక్కుటిక్కుమన్న చప్పుడు వస్తుందేమో వినాలి, పొగ వెళ్లే మానిఫోల్డ్ బోల్టు విరిగితే అలా వస్తుంది. ఇరుసు పళ్ల నిష్పత్తి 3.73, 4.10, 4.30 ఇలా ఉంటుంది. అంకె పెద్దదైతే లాగుడు సులువు, తిండి కొంచెం ఎక్కువ. ట్రైలరు బ్రేకులను నడిపే కంట్రోలరు బండితోనే వస్తే మేలు. ఫోర్డ్ 2005 నుంచి సూపర్ డ్యూటీలో ఇచ్చింది. లేకపోతే వేరుగా పెట్టించుకోవాలి, అది లేకుండా మాత్రం కదలకూడదు. టైర్ల మీద తయారైన వారం, ఏడాది రాసి ఉంటాయి, అవీ చదవాలి.

ఖర్చు దాచి చెప్పం. బరువుతో ఉన్నప్పుడు పెట్రోలు బండి గాలన్‌కు పది మైళ్లు ఇవ్వడం కష్టం. కానీ ఏడాదికి నాలుగు ప్రయాణాలకు ఆ అదనపు పెట్రోలు ఎంత? ఈ రోజు కొత్త బండిలో డీజిలు ఇంజను కావాలంటే సుమారు పది వేల డాలర్లు అదనం. పాత బండిలో కూడా ఆ తేడా కొంత వెంటే వస్తుంది. ఆ డబ్బు నాలుగు ప్రయాణాల్లో ఎన్నటికీ తిరిగి రాదు.

డీజిలు పనికిరాదని కాదు. వారం వారం బరువు లాగేవాడికి, కొలరాడోలాంటి ఎత్తు కొండల్లో ఉండేవాడికి అదే మేలు. టర్బో లేని పెట్రోలు ఇంజను వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. టర్బో డీజిలుకు ఆ బాధ తక్కువ. పని చూసి పశువును ఎంచాలి, అంతే.

ఈ లెక్కంతా ఆ టెక్సస్ కుర్రాడికి ఫోన్లో చెప్పాం. అతను స్టిక్కరు ఫోటో తీసి పంపాక గానీ ఏ బండికీ బయానా ఇవ్వనన్నాడు. మొదటి అమ్మాయికి కూడా ఫోన్ చేసి, మేము తెలియక చెప్పామని ఒప్పుకున్నాం. "పోనీలెండి మామయ్యా" అంది.

మన సంఘంలో పెద్దల మాటకు పిల్లలు ఇంకా విలువ ఇస్తున్నారు. ఊరు విడిచి నాలుగు వందల ఏళ్లయినా మనల్ని కలిపి ఉంచింది ఆ విలువే. కాబట్టి జవాబు చెప్పే ముందు ఇకనుంచి మూడు ప్రశ్నలు అడుగుదాం: ఎంత బరువు, ఏడాదికి ఎన్నిసార్లు, మిగతా రోజుల్లో ఆ బండి ఏం చేస్తుంది? అక్కడ ఇలాంటి బండి నడిపిన అనుభవం మీ ఇళ్లలో ఎవరికైనా ఉంటే కింద రాయండి. మేము రాసిందాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా దిద్దండి.