కొత్తరెడ్డిపాలెం యూదుల విశ్రాంతి దినం, సామూహిక ప్రార్థన

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మాన్ని పాటించే చిన్న తెలుగు సమాజం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం సంతతివారమని వీరి నమ్మకం. అందుకే తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు. కొన్ని పదుల కుటుంబాలు మాత్రమే ఉన్న ఈ సమాజంలో దాదాపు అందరూ మాదిగ కులస్థులు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ప్రార్థన మందిరం 1991లో వెలిసింది.

యూదుల విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయానికి మొదలై శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనబడేదాకా ఉంటుంది. పొద్దు గుంకడానికి 18 నిమిషాల ముందు ఇంటి స్త్రీ దీపాలు వెలిగించడం ఎక్కువమంది పాటించే ఆచారం. గుంటూరు ప్రాంతంలో డిసెంబరులో అది సాయంత్రం ఐదుంబావు దాటాక, జూన్‌లో ఆరుంబావు దాటాక వస్తుంది. ఆ తరువాత నిప్పు రాజేయకూడదు, వండకూడదు. మరునాటి తిండి ముందే వండి ఉంచుకోవాలి. ప్రాణాపాయం ఎదురైతే మాత్రం ఈ నిషేధాలన్నీ పక్కకు తప్పుకుంటాయి.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు న్యాయ గ్రంథం మిష్నా ఆ రోజు నిషిద్ధమైన పనులను 39 రకాలుగా చెప్పింది. అవి చాలావరకు పల్లె పనులే. దున్నడం, విత్తడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, పిండి విసరడం జాబితా మొదట్లోనే వస్తాయి. ఆ తరువాత గొర్రె ఉన్ని కత్తిరించడం, నూలు వడకడం, నేయడం ఉన్నాయి. ఆపైన జంతువును కోసి తోలు ఒలవడం, ఉప్పు పట్టించడం, తోలును పదును చేసి గీకడం, ముక్కలు కోయడం కనిపిస్తాయి. లందలో తోలు నానబెట్టి చెప్పులు, మోట బొక్కెనలు కుట్టిచ్చిన మాదిగలకు ఈ తోలు పనుల్లో ఒక్కటీ కొత్త కాదు. తరతరాలుగా తమ చేతులు చేసిన పనులే అక్కడ వరుసగా కనబడతాయి.

ప్రార్థన ఒంటరిగానూ చేయవచ్చు. కానీ కద్దీష్, కెదుషా వంటి కొన్ని భాగాలు చదవాలన్నా, ధర్మశాస్త్రపు చుట్టను తెరిచి బహిరంగంగా పఠించాలన్నా కనీసం పదిమంది వయోజనులు కావాలి. దీన్ని మిన్యాన్ అంటారు. సంప్రదాయ శాఖలో 13 ఏళ్లు నిండిన పురుషులనే లెక్కిస్తారు. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖ 1973 నుంచి స్త్రీలనూ లెక్కించడానికి అనుమతించింది. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక కొచ్చిన్ యూదులు చాలామంది అక్కడికి తరలిపోవడంతో, కొచ్చిన్‌లోని 1568 నాటి ప్రార్థన మందిరం పరదేశి సినగోగులో పదిమంది దొరకడమే కష్టమైంది. బయటినుంచి వచ్చిన యూదు యాత్రికులతో ఆ సంఖ్య పూరించుకోవలసి వచ్చింది.

వారంలో ఒకరోజు పని మానాలన్న నియమం తెలుగు మాదిగలకు యూదు ధర్మంతో మొదటిసారి రాలేదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తన సంఘంలో చేరినవారికి పెట్టిన కట్టుబాట్లలో ఆదివారం పని చేయకపోవడం ఒకటి. చచ్చిన పశువు మాంసం తినకపోవడం, విగ్రహాలను కొలవకపోవడం మిగిలినవి. కరువు కాలంలో, 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏ రోజు పిలిస్తే ఆ రోజు పనికి రావలసిన మాదిగ ఆదివారం రానంటే ఊరి పెద్దలకు అది ధిక్కారంగానే తోచింది. విశ్రాంతి దినం అక్కడ భక్తి విషయంగా మాత్రమే మిగల్లేదు, ఊరి అధికారానికి ఎదురు నిలిచే మాట కూడా అయింది.

కొత్తరెడ్డిపాలెం కుటుంబాలదీ క్రైస్తవ నేపథ్యమే. ఈ సమాజాన్ని కూడగట్టినవారు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరులు. షమూయేల్ 1980లలో జెరూసలేం వెళ్లివచ్చారు. క్రీ.పూ. 722లో అస్సీరియన్లు చెరపట్టిన ఎఫ్రాయిం గోత్రంవారు పర్షియా, ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకు చేరారని నాయకులు చెబుతారు. ఈ వంశకథకు స్వతంత్ర చారిత్రక ఆధారాలు లేవు. అంతమాత్రాన వారి ఆచరణ విలువ తగ్గదు. అమెరికాలోని కులాను సంస్థకు చెందినవారు, ఇతర విదేశీ యూదులు వచ్చి హీబ్రూ ప్రార్థనలు, పండుగ విధులు నేర్పారు. శుక్రవారం సాయంత్రం దీపాలు, శనివారం మందిరంలో ప్రార్థన ఇక్కడి వారపు క్రమం.

అయితే విశ్రాంతిని పూర్తిగా పాటించడం అందరికీ సాధ్యం కాదు. నాట్లు, కోతల రోజుల్లో శనివారం పని మానితే ఆ రోజు కూలి పోతుంది. భూమి, జీతం ఉన్నవారికి సులువుగా అమరే నియమం రోజుకూలీకి భారమవుతుంది. ఇక్కడ తప్పు భక్తిలో వెతకడం అన్యాయం. ద్వితీయోపదేశకాండం ఈ ఆజ్ఞకు చెప్పే కారణం ఐగుప్తులోని దాస్యం. దాసుడికీ దాసికీ కూడా యజమానితో పాటే విశ్రాంతి దొరకాలంటుంది. ఆ మాట ఈ కూలీల పక్షానే నిలుస్తుంది. ఆంధ్ర యూదులపై పరిశోధన చేసి 2013లో పుస్తకం వెలువరించిన యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజ జీవితాన్ని కులం, మతం రెంటి నేపథ్యంలోనూ పరిశీలించారు.

ప్రార్థనకు మరో చిక్కు ఉంది. సంప్రదాయ న్యాయం దృష్టిలో యూదుడిగా పుట్టినవారు, లేదా విధిపూర్వకంగా మతం స్వీకరించినవారు మాత్రమే పదిమంది లెక్కలోకి వస్తారు. మణిపూర్, మిజోరం ప్రాంతాల బ్నెయి మెనాషేలను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ 2005లో ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. వారు అక్కడికి వలస వెళ్లాక మతస్వీకార విధి పూర్తిచేసుకుంటారు. బెనె ఎఫ్రాయింకు అటువంటి గుర్తింపు దక్కలేదు. కనుక ఆ న్యాయం ప్రకారం కొత్తరెడ్డిపాలెం మందిరంలో ఎంతమంది కూడినా మిన్యాన్ ఏర్పడినట్టు కాదు. సమాజం మాత్రం తన ప్రార్థనను తన మనుషులతోనే సాగిస్తోంది.