చిన్న తెరచాప పడవలలో బిగింపు సంధులు: ఒక చారిత్రక పరిశీలన

నౌకా చరిత్ర రచనలో తెరచాపకు, పడవ దేహానికి దక్కిన చోటు ఆ రెండింటినీ కలిపి ఉంచే సామగ్రికి దక్కలేదు. శాతవాహన నాణేలపై కనిపించే జంట స్తంభాల ఓడను గురించి మాట్లాడేటప్పుడు సైతం చూపు స్తంభాల మీదే నిలుస్తుంది. వాటిని పట్టి ఉంచే తాళ్లు పడవ అంచున దేనికి ముడిపడ్డాయన్న ప్రశ్న అరుదు. గాలి బలమంతా చివరకు చేరేది మాత్రం ఆ ముడి దగ్గరకే.

ఐరోపా ఓడలలో స్తంభాన్ని ఇరువైపులా లాగి నిలిపే తాళ్లను, అంటే ష్రౌడ్లను, చిరకాలం తారు పూసిన నారతోనే పేనేవారు. తాడు కింది కొసకు మూడు రంధ్రాల గట్టి కొయ్యబిళ్ల ఉండేది. దానికి ఎదురుగా, పడవ పక్కకు బిగించిన ఇనుప పట్టీపై మరో బిళ్ల ఉండేది. రెండింటి రంధ్రాల గుండా సన్నతాడును అటూఇటూ అల్లి బిగించేవారు. నార తడికి బిగుస్తుంది, ఎండకు వదులవుతుంది; నావికునికి అది తీరని చాకిరీ. అయితే హఠాత్తుగా తగిలిన గాలి తాకిడిలో కొంత భాగాన్ని ఆ సాగే గుణమే మింగేది.

1834లో జర్మనీలోని హార్జ్ గనులలో విల్హెల్మ్ ఆల్బర్ట్ ఇనుపతీగల తాడును వాడుకలోకి తెచ్చాడు. అనతికాలంలోనే అది ఓడలెక్కింది. కొయ్యబిళ్లల స్థానాన్ని క్రమంగా టర్న్‌బకిల్ ఆక్రమించింది. తీగ నారలా సాగదు. కనుక తాకిడి నేరుగా బోల్టుకు, బోల్టు దిగిన రంధ్రపు అంచుకు చేరుతుంది. మందమైన తీగ వేస్తే పడవ బలపడుతుందన్న భావన తప్పేది ఇక్కడే. తర్వాత వచ్చిన స్టెయిన్‌లెస్ ఉక్కు మరో చిక్కు తెచ్చింది: పైకి మెరుస్తూనే, డెక్కు సందులో గాలి సోకని చోట లోలోపల తుప్పుపట్టి చీలుతుంది.

2018 నాటి గోల్డెన్ గ్లోబ్ పందెం ఈ విషయానికి కఠినమైన నిదర్శనం. ఒంటరిగా భూమిని చుట్టిరావలసిన ఆ యాత్రలో అయిదుగురి పడవల స్తంభాలు కూలాయి. గోవాలో నిర్మించిన తురియాపై వెళ్లిన భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ వెన్నెముక దెబ్బతిని, కదలలేని స్థితిలో రక్షణకై ఎదురుచూశాడు. విజేత జాన్ లూక్ వాన్ డెన్ హీడ్‌కు సైతం గండం తప్పలేదు. నవంబరులో దక్షిణ పసిఫిక్ తుఫానులో అతని పడవ పల్టీకొట్టినంత పనైంది. కింది ష్రౌడ్లను పట్టిన బోల్టు స్తంభాన్ని చీలుస్తూ సుమారు 5 సెంటీమీటర్లు కిందికి జారింది. తీగలు తెగలేదు, స్తంభం విరగలేదు, రంధ్రం ఓడిపోయింది. 73 ఏళ్ల ఆ నావికుడు పలుమార్లు స్తంభమెక్కి సరిచేసుకుని, తెరచాప తగ్గించి, 2019 జనవరి 29న తీరం చేరాడు.

బోల్టు భారాన్ని విశాలమైన పలకపై పంచడం, బోలు స్తంభం నలగకుండా లోపల గొట్టం దూర్చడం ఇటువంటి సంధులకు తగిన చికిత్సలు. నేడు కొన్ని చిన్న పడవలు తీగను విడిచి డైనీమా వంటి కృత్రిమ నారతాళ్లకు మళ్లాయి. టర్న్‌బకిల్ స్థానంలో తాడు అల్లిక మళ్లీ వచ్చింది. ఆ నార తుప్పుపట్టదు. ఎండకు, ఒరిపిడికి మాత్రం క్షీణిస్తుంది.