పురుగుమందు - ఉద్దానం - మన సాహిత్యం

పంట మీద చల్లే రసాయనాలు మనిషి ఆరోగ్యాన్నీ, ప్రవర్తననూ మారుస్తాయా? ఇది శాస్త్రవేత్తలు తేల్చుకోవలసిన ప్రశ్న అని మనం ఇంతకాలం పక్కన పెడుతూ వచ్చాం. కాని ఇది చరిత్ర ప్రశ్న కూడా. ఏ రసాయనం ఎప్పుడు పుట్టింది, ఎవరి లాభం కోసం పొలంలోకి వచ్చింది, ఎవరి వీపు మీద ఎక్కి వచ్చింది అనేవి తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం.

మాది మూలపేట. సంతబొమ్మాళి మండలంలో సముద్రపు ఒడ్డు. మొదట భావనపాడు పేరుతో తలపెట్టిన ఓడరేవుకు ఇప్పుడు మా ఊరి పేరు పెట్టారు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. దగ్గరలోనే నౌపడ ఉప్పు మళ్లు. మాకు ఉత్తరంగా వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా పరుచుకున్నది ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే ఉద్దానమైందంటారు. ఆ కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం చూసినవారికి అక్కడ ఇంత రోగం ఉందన్న ఊహ రాదు. కాని షుగరు లేనివాళ్లకూ, రక్తపోటు లేనివాళ్లకూ అక్కడ మూత్రపిండాలు పాడవుతున్నాయి. 2020లో అచ్చయిన ఒక అధ్యయనంలో దాదాపు 2400 మందిని పరీక్షిస్తే సుమారు 21 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి కనిపించింది. క్రియాటినిన్ అన్నది ఆ ఊళ్లలో డాక్టర్ల మాటగా మిగల్లేదు. అరుగుల మీది మాట అయింది.

ఎందుకిలా అని అడిగితే మావైపు తరచుగా వినిపించే జవాబు ఒకటి: "మందులు కొట్టిన తిండి."

ఈ జవాబును నేను తేలిగ్గా తీసివేయను. అలాగని కళ్లు మూసుకుని నెత్తికెత్తుకోను. ఎందుకంటే ఇందులో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఏమవుతుంది? ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోతే నరాలకూ మనసుకూ ఏమవుతుంది? ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం అదేనా? మొదటిది రుజువైన విషయం. రెండోదానికి బలమైన ఆధారాలున్నాయి. మూడోది ఇంకా అనుమానం. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి మాట్లాడితే లాభం ఎవరికి? మందు అమ్మేవాడికే. మూడో ప్రశ్నలోని బలహీనతను చూపించి అతడు మొదటి రెండింటి నుంచి కూడా సులువుగా తప్పించుకుంటాడు. కనుక ప్రజల పక్షాన మాట్లాడదలచినవారికి ఈ మూడింటినీ విడదీసి చూడటం తప్పనిసరి.

తెలుగులో మందు అన్న ఒక్క మాట రోగం కుదిర్చేదానికీ, పురుగును చంపేదానికీ, తుపాకీలో కూరేదానికీ చెల్లుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల పుట్టుక చూస్తే ఈ భాషలోని సత్యం బోధపడుతుంది. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఐజీ ఫార్బెన్ కంపెనీ ప్రయోగశాలలో కొత్త పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ అనే విషవాయువును కనిపెట్టాడు. దాన్ని సైన్యం తీసుకుంది. అదే వెతుకులాటలో 1940లలో పారాథియాన్ తయారైంది. అది పొలానికి వచ్చింది. యుద్ధానిదీ వ్యవసాయానిదీ ఒకే కుటుంబం. ఒకటి మనిషి కోసం, మరొకటి పురుగు కోసం అన్న తేడా సీసా మీది చీటీలో ఉందే తప్ప నరాల్లో జరిగే పనిలో లేదు.

ఆ పారాథియాన్ మన దేశంలో మొదట పేరు తెచ్చుకున్నది పంట కాపాడి కాదు. 1958లో ఓడలో గోధుమ సరుకుతో పాటు ప్రయాణించిన ఫాలిడాల్ కారి తిండిలో కలిసింది. కేరళలో వంద మందికి పైగా చనిపోయారు. జస్టిస్ జె.సి.షా విచారణ సంఘం వేశారు. పురుగుమందుల చట్టం రావడానికి మాత్రం 1968 దాకా పట్టింది. అంటే మందులు ముందు వచ్చాయి, చావులు తరువాత వచ్చాయి, చట్టం అన్నిటికన్నా వెనక వచ్చింది. ఈ వరస మన దేశంలో ఆనాటితో ఆగలేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో జనాన్ని చంపిన వాయువు కార్బరిల్ అనే పురుగుమందు తయారీకి వాడే ముడిపదార్థమే. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో తేలింది మోనోక్రోటోఫాస్. మొదటి ప్రశ్నకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చట్టం వస్తున్న ఆ రోజుల్లోనే హరిత విప్లవమూ వచ్చింది. 1966లో విడుదలైన ఐఆర్-8 వరిని మరుసటి ఏడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి చూపారు. ఆకలితో ఉన్న దేశానికి ఆ గింజలు అవసరమే. దీన్ని కాదనడం చరిత్రకు ద్రోహం. అయితే ఆ గింజ ఒంటరిగా రాలేదు. నీరూ, యూరియా, పురుగుమందూ, అప్పూ దానితో కలిసి వచ్చాయి. ఏపుగా పెరిగిన పైరుకు దోమ పట్టింది. దోమకు మందు కొట్టారు. మందుకు అలవాటుపడిన దోమకు మరింత ఘాటు మందు కొట్టారు. ఎండ్రిన్ అన్న మాట తెలియని తెలుగు పల్లె లేకుండా పోయింది. దాన్ని మన దేశంలో 1990లో నిషేధించారు. డీడీటీని వ్యవసాయం నుంచి 1989లో తొలగించారు. బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. నిషేధించేనాటికి అవి ఒక తరం కూలీల ఒంటి మీదుగా ప్రవహించి ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రసాయనాల గురించి ఇవాళ జరుగుతున్న చర్చ అంతా పళ్లెం చుట్టూ తిరుగుతోంది. కూరలో ఎంత అవశేషం మిగిలింది, పాలల్లో ఎంత మిగిలింది అని కొనుక్కుని తినేవాడు అడుగుతున్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని కూరలో మిగిలేది అవశేషం. ట్యాంకు వీపున కట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, గాలికి ఎదురు నడిచే కూలీ ఒంటి మీద పడేది అవశేషం కాదు, అసలు సరుకు. డబ్బున్నవాడు విశాఖపట్నంలో సేంద్రియ దుకాణానికి పోగలడు. ఆ కూలీ ఎక్కడికి పోగలడు? ఆరోగ్యం గురించిన చర్చలో కూడా వర్గం ఉంది.

రెండో ప్రశ్న మనసుది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల మీద ఎలా పనిచేస్తాయో తెలిసిన విషయమే. నరం నుంచి నరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని, పని ముగియగానే తొలగించే ఎంజైము ఒకటి ఒంట్లో ఉంది. మందు ఆ ఎంజైమును కట్టిపడేస్తుంది. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చెమట, చొంగ, వణుకు, ఫిట్లు, ఊపిరాడకపోవడం దాని ఫలితాలు. మోతాదు తక్కువైతే ఏమీ కాదా? అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల రైతుల మీద 1993 నుంచి సాగుతున్న అధ్యయనంలో, ఒకసారి మందు విషప్రభావానికి లోనైనవారిలో మానసిక కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. ఇది తెలిశాక మన పత్తి రైతుల చరిత్రను మళ్లీ చదవాలి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, 1997-98లో వరంగల్లులో లద్దెపురుగు పంటను తినేశాయి. రైతులు పంటకు తెచ్చిన మందే తాగి చనిపోయారు. అప్పే వాళ్లను చంపింది. అందులో సందేహం లేదు. కాని అప్పు భారాన్ని మోయవలసిన నరాల మీద అంతకుముందు నెలల తరబడి ఏం పడిందన్నది కూడా అడగవలసిన ప్రశ్న. అడిగితే రైతు పిరికివాడన్న నింద పలచబడుతుంది.

ఇది విధిరాత కాదనడానికి పక్కనున్న శ్రీలంకే సాక్ష్యం. అక్కడ 1995 నుంచి అత్యంత విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది.

మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో ఏలూరు చూపించినది ఇంకో రూపం. నడుస్తున్నవాళ్లు నడుస్తున్నట్టే మూర్ఛ వచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ తేలాయి. తరువాత నిపుణుల నివేదికలను బట్టి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ప్రభుత్వం చెప్పింది. పళ్లేనికీ పొలానికీ మధ్య గోడ లేదని ఏలూరు నిరూపించింది.

ఇక మూడో ప్రశ్న, మా ఇంటి ప్రశ్న. ఉద్దానం జబ్బుకు కారణం పురుగుమందులేనని ఇప్పటికి ఎవరూ నిరూపించలేదు. అనుమానితుల జాబితాలో నీటిలోని సిలికా ఉంది, భార లోహాలున్నాయి, ఎండలో నీళ్లు లేని చాకిరీ ఉంది, ఒళ్లు నొప్పులకు మింగే మాత్రలున్నాయి, వంశపారంపర్యం ఉంది, పురుగుమందులూ ఉన్నాయి. మందులే అనేవారు ఒక చిక్కుకు జవాబు చెప్పాలి. పత్తికీ మిరపకూ పేరుపడిన గుంటూరు సీమలో కొట్టినంత మందు కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో కొట్టలేదు. మరి జబ్బు గుంటూరులో కాక ఇక్కడ ఎందుకు ఊళ్లకు ఊళ్లను పట్టింది? ఇలాంటి జబ్బే మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకు వచ్చింది. అక్కడ ఎండదెబ్బను ప్రధానంగా అనుమానిస్తున్నారు. శ్రీలంకలో అనురాధపురం ప్రాంతపు వరి రైతులకు వచ్చింది. అక్కడ గ్లైఫోసేట్ అనే కలుపుమందు మీద అనుమానం రేగి 2015లో నిషేధించారు, తరువాత ఎత్తివేశారు. అదే శ్రీలంక 2021లో రసాయన ఎరువులన్నిటినీ రాత్రికి రాత్రి ఆపేస్తే పంట పడిపోయి, కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గింది. నిదానంగా, ఆధారంతో చేసిన నిషేధం ప్రాణాలు నిలిపింది. ఆవేశంతో చేసిన నిషేధం రైతును ముంచింది. రెండూ ఒకే దేశపు పాఠాలు.

అయితే రుజువు కాలేదంటే నిర్దోషి అని అర్థం కాదు. కేరళలోని కాసరగోడ్‌లో ప్రభుత్వ సంస్థ తన జీడితోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్ల నుంచి ఎండోసల్ఫాన్ చల్లించింది. కింద మనుషులున్నారు, బావులున్నాయి. వైకల్యాలతో పిల్లలు పుడుతున్నారని జనం మొత్తుకుంటే, ఒక సంఘం మందుకు సంబంధం ఉందన్నది, మరో సంఘం లేదన్నది. చివరికి 2011లో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా ఆపించింది. ఈ పాతికేళ్లూ రుజువు భారం ఎవరి మీద ఉంది? చల్లినవాడి మీద కాదు. పీల్చినవాడి మీద. అన్యాయం అక్కడుంది. జీడితోటలున్న ఉద్దానం ఆ కథను పరాయిదిగా చదవలేదు. మలయాళ రచయిత అంబికాసుతన్ మాంగాడ్ 2009లో 'ఎన్మకజె' నవల రాసి ఆ పల్లెలను దేశం ముందు నిలబెట్టారు.

మరి మనం? తెలుగు కథకు రైతు కొత్తవాడు కాదు. అప్పు మనిషిని ఎలా బానిసను చేస్తుందో కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో చూపారు. 1940లో మందస జమీందారీ పోరులో గున్నమ్మ నేలకొరిగిన సీమ ఇది. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ వినిపించిన సీమ ఇది. భూమి గురించి, అడవి గురించి, కూలి గురించి మన సాహిత్యం గట్టిగా మాట్లాడింది. కాని నేను చదివినంతలో మన కథల్లో పురుగుమందు డబ్బా చావు సన్నివేశంలోనే కనబడుతుంది. తాగడానికే మూత తీస్తారు. పొద్దున్నే నీళ్లలో కలిపి, చేత్తో తిప్పి, సాయంత్రం అదే చేత్తో అన్నం తినే మామూలు రోజు కథలోకి రాదు. విషాదంగా వచ్చింది తప్ప పనిగా రాలేదు. మన వాస్తవికతలో ఇది పెద్ద ఖాళీ.

ఈ ఖాళీ సాహిత్యానికే కాదు, శాస్త్రానికీ అడ్డం. ఉద్దానం ప్రశ్న తేలాలంటే ముప్పై నలభై ఏళ్ల కిందట ఏ తోటలో ఏ మందు, ఏ నెలలో, ఎన్నిసార్లు, ఎవరు కొట్టారో తెలియాలి. ఆ లెక్క ఏ కచేరీలోనూ దొరకదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి చెట్లను కూల్చినప్పుడు ఆ తోటల సాక్ష్యం కొంత పోయింది. మిగిలిన సాక్ష్యం ముసలి కూలీల జ్ఞాపకంలో ఉంది. వాళ్లు డయాలసిస్ మంచాల మీద ఉన్నారు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. హిరమండలం నుంచి తాగునీటి పథకమూ వచ్చింది. వైద్యం వైద్యులు చేస్తారు, నీటి పరీక్షలు శాస్త్రజ్ఞులు చేస్తారు. వాళ్లు చేయలేని పని ఒకటి రచయితలకు మిగిలి ఉంది. ఆ మంచాల పక్కన కూర్చుని, మందు పేరూ, డబ్బా రంగూ, వాసనా, కూలి ఎంతిచ్చారో, ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో అడిగి రాసుకోవాలి. అందులోంచి కథ వస్తే మంచిదే. రాకపోయినా ఆ కాగితం రేపటి పరిశోధకుడికి ఆధారమవుతుంది. సాహిత్య విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాలకు విషయం కోసం వెతుకుతున్నారు. కవిటికీ, కంచిలికీ బస్సులున్నాయి.