పురిటింటి మైల యెవరిది?

స్త్రీకి పురుడు పునర్జన్మమని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాట పుట్టుటకు కారణమేమని విచారించినచో దుఃఖము కలుగక మానదు. కడుపు పండవలెనని నోములు నోచిన యింటనే, కడుపు పండిన దినమున తల్లి బ్రతుకునో లేదో యని గడపకడ వేచియుండుట మన ముత్తవ్వల కాలమున సామాన్య విషయము. అట్లు పోయినవారి పేళ్లు ఏ పుస్తకమునను వ్రాయబడలేదు. బాలింత జ్వరమనియు, సన్నిపాతమనియు, నొసటి వ్రాతయనియు చెప్పి, పుట్టిన బిడ్డను అమ్మమ్మ చేతిలో పెట్టి, ఏడాది తిరుగకుండ అల్లునికి మఱియొక సంబంధము చూచెడివారు.

ఇక పురిటింటి యాచారమును తలచుకొందము. నొప్పులు ప్రారంభము కాగానే స్త్రీని వెలుతురు చొరని మూలగదికి పంపెడివారు. ఎట్లును మైలపడునవియే కదా యని ఆమె పడకకు ప్రాతగుడ్డలను, చినిగిన బొంతను ఏర్పఱచెడివారు. మంత్రసాని వీధినుండి వచ్చినది వచ్చినట్లే లోపలికి పోయెడిది. కొన్నిచోట్ల కొడవలితోనే బొడ్డు కోసెడివారు. పిమ్మట పది దినములు ఆ తల్లిని ఎవరును తాకరాదు. తాకినవారు తలమీద నీళ్లు పోసికొనవలెను. అనగా, పురిటింటిలోనికి పోవువారికి ఏ శుద్ధియు అక్కఱలేదు. వెలుపలికి వచ్చువారికి మాత్రము స్నానము విధి! తల్లివలన లోకమునకు మైల సోకునని మనము భయపడితిమి. లోకమువలన తల్లికి సోకునేమో యని ఆలోచించినవారు లేరు.

ఈ పొరపాటు మనదొక్కటే యని సిగ్గుపడ నవసరము లేదు. మహావైద్యులని పేరొందిన ఐరోపావారును దీనినే చేసిరి. దానిని సరిదిద్దిన పరిశోధనల చరిత్ర మన గృహములలోనివారు తెలిసికొనదగినదని తలచి యిచట వ్రాయుచున్నాను.

స్కాట్లండు దేశమున ఆబర్డీన్ అను పట్టణము కలదు. 1789 మొదలు 1792 వఱకు ఆ పట్టణమున బాలింత జ్వరము వ్యాపించి పలువురు స్త్రీలు మరణించిరి. చెడుగాలి వలన నిది వచ్చుననుట ఆనాటి వైద్యులలో పలువురి నమ్మకము. అలెగ్జాండర్ గోర్డన్ అను వైద్యుడు మాత్రము నమ్మకములను ప్రక్కకు నెట్టి ఒక పట్టిక వ్రాయ మొదలిడెను. జబ్బుపడిన స్త్రీ యెవరు, ఎచట నుండును, ఏ దినమున జబ్బుపడెను, ఆమెకు పురుడు పోసినదెవరు, అందున్నది ఇంతే. 77 మంది వివరములు ఆ పట్టికలోని కెక్కినవి. వానిని చూడగా ఒక విషయము తేటపడెను. జ్వరము గాలివెంట పోవుటలేదు, చేతులవెంట పోవుచున్నది. జ్వరము తగిలిన బాలింతను చూచి వచ్చిన మంత్రసానియో వైద్యుడో తరువాత పురుడు పోసిన స్త్రీకే అది సోకుచున్నది.

1795లో గోర్డన్ తన గ్రంథమును ప్రకటించెను. పురుడు పోసినవారి పేళ్లను అందు దాచలేదు. అంతకంటె గొప్ప విషయ మేమనగా, తన పేరును కూడ దాచలేదు. తానే పెక్కుమంది స్త్రీలకు ఆ జ్వరమును మోసికొని పోయితినని ఒప్పుకొనెను. ఒక వైద్యుడు ఇట్టి మాటను అచ్చువేయించుటకు ఎంతటి గుండె యుండవలెనో చదువరులే యూహింపగలరు. ఊరివారు మెచ్చుకొనలేదు సరికదా, ద్వేషించిరి. ఆయన పట్టణము విడిచి నౌకాదళమున చేరి, 1799లో క్షయవ్యాధితో మరణించెను. ఆ పట్టికను లోకము మఱచెను.

అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట ఈ సత్యమునే వియన్నా నగరమున మఱియొకడు తిరిగి కనుగొనవలసివచ్చెను. అచటి పెద్ద ఆస్పత్రిలో బీదస్త్రీలకొఱకు రెండు ప్రసూతిశాలలు ఉండెను. మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పని నేర్చుకొనెడివారు. ఒకనాడు వచ్చినవారిని ఒకదానిలోను, మఱునాడు వచ్చినవారిని రెండవదానిలోను చేర్చుకొనుచుండిరి. 1846వ సంవత్సరమున మొదటి శాలలో 4,010 పురుళ్లు కాగా 459 మంది తల్లులు చనిపోయిరి. రెండవ శాలలో 3,754 పురుళ్లకు 105 మంది మాత్రమే చనిపోయిరి. కప్పు ఒక్కటే, గాలి ఒక్కటే, బీదతనము ఒక్కటే. మరణములు మాత్రము నాలుగింతలు!

ఈ భేదము పండితులకంటె ముందు బీదస్త్రీలకే తెలిసియుండెను. మొదటి శాలకు పంపవలదని వారు మోకాళ్లపై బడి, చేతులు జోడించి వేడుకొనెడివారు. మఱికొందఱు ఆస్పత్రికి వచ్చుచు దారిలోనే ప్రసవించెడివారు. చిత్రమేమనగా, వీధిలో ప్రసవించినవారికి ఆ జ్వరము అరుదుగా వచ్చుచుండెను. ఏ వైద్యుని చేయియు తగులని స్త్రీ బ్రతుకుచున్నది. శాస్త్రము నేర్చిన చేయి తగిలిన స్త్రీ చచ్చుచున్నది. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య మేమి కావలెను? అయినను అది ఆడువారి భయమని త్రోసివేయబడెను.

1846లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను హంగేరీదేశపు యువవైద్యుడు మొదటి శాలలో సహాయకుడుగా చేరెను. ఈ లెక్క ఆయనకు నిద్రపట్టనీయలేదు. జనసమ్మర్దము కారణమేమో యని చూచెను. రెండవ శాలలోనే సమ్మర్ద మెక్కువ. పడుకొను విధము కారణమేమో యని దానిని మార్పించెను; ఫలము లేదు. చనిపోవువారికి కడపటి సంస్కారము చేయుటకు గంట మ్రోగించుచు వచ్చు పురోహితుని చూచి భయపడుచున్నారేమో యని గంట మాన్పించెను, మరణములు మానలేదు. కారణమని తోచిన ప్రతిదానిని ఇట్లు లెక్కకు కట్టి, నిలువనిదానిని విడిచిపెట్టుచు పోయెను.

1847 మార్చి నెలలో ఆయన మిత్రుడు కొల్లెచ్కా అను ఆచార్యుడు శవపరీక్ష సమయమున కత్తి గ్రుచ్చుకొని మరణించెను. ఆయన దేహమున కనబడిన చిహ్నములు బాలింత జ్వరమున చనిపోయిన స్త్రీల దేహములలోని చిహ్నములే. అప్పుడు సెమ్మెల్‌వైస్‌కు కనులు తెఱువబడెను. విద్యార్థులు ఉదయమున శవములను కోసి, ఆ చేతులతోనే ప్రసూతిశాలకు వచ్చి స్త్రీలను పరీక్షించుచున్నారు. సబ్బుతో కడిగినను ఆ చేతుల కంపు పోవుటలేదు. మంత్రసానులకు శవములతో పని లేదు. కావుననే రెండవ శాలలో మరణములు తక్కువ.

మే నెలలో ఆయన ఒక కట్టడి చేసెను. నేడు మనము బ్లీచింగు పొడియని పిలుచు వస్తువును కలిపిన నీటిలో చేతులు కడుగుకొననిదే ఎవరును స్త్రీని తాకరాదు. ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది చొప్పున చనిపోయిన ఆ శాలలో జూన్ నెలలో నూటికి 2 మంది చొప్పున మాత్రమే చనిపోయిరి. అక్టోబరులో మఱియొక పాఠము కలిగెను. గర్భాశయమున వ్రణముగల యొకస్త్రీని మొదట పరీక్షించి, ఆమె తరువాతి 12 మందిని నడుమ సరిగా చేతులు కడుగుకొనకయే పరీక్షించిరి. వారిలో 11 మంది చనిపోయిరి. శవముమాత్రమే కాదు, బ్రతికియున్నవారినుండియు విషము సోకునని దీనివలన తెలిసెను. అది మొదలు ఒక్కొక్క స్త్రీని తాకుటకు ముందు చేతులు కడుగుకొనవలెనని నియమించెను. 1848లో మొదటి శాలలో 3,556 పురుళ్లకు 45 మంది మాత్రమే చనిపోయిరి. మార్చి, ఆగస్టు నెలలలో ఒక్క తల్లియు చనిపోలేదు.

ఇంతటి మేలు చేసినవానిని లోకము పల్లకిలో నూరేగించునని తలతుము. జరిగినది వేఱు. 1849లో ఆయన యుద్యోగము పొడిగింపబడలేదు. తమ చేతులే మృత్యుహేతువులని ఒప్పుకొనుటకు పెద్దవైద్యులకు మనసు రాలేదు. ఆయనయందును లోపము లేకపోలేదు. తాను కనుగొన్నదానిని వెంటనే విపులముగా వ్రాసి ప్రకటింపలేదు. గ్రంథము 1861 సంవత్సరపు తేదీతో వెలువడెను. అంగీకరింపనివారిని హంతకులని నిందించుచు బహిరంగలేఖలు వ్రాసి, కానున్న మిత్రులను గూడ శత్రువులను చేసికొనెను. తుదకు 1865 ఆగస్టులో, 47వ యేట, వియన్నా సమీపమున ఒక పిచ్చి యాస్పత్రిలో గాయము చీముపట్టి రక్తము విషమై మరణించెను. ఏ మరణమునుండి తల్లులను తప్పించెనో ఆ మరణమే ఆయనకు ప్రాప్తించెను!

తరువాతి కథ శీఘ్రముగా చెప్పవచ్చును. 1879లో పారిస్ నగరమున లూయీ పాశ్చర్ ఈ జ్వరమునకు హేతువైన, గొలుసువలె నుండు సూక్ష్మజీవిని పండితసభలో చూపెను. 1936లో లండను నగరమున లెనర్డ్ కోల్‌బ్రుక్ అను వైద్యుడు ప్రోన్టోసిల్ అను క్రొత్తమందును బాలింతలకిచ్చి సత్ఫలములను పొందెను. పిదప పెన్సిలిన్ వచ్చెను. పట్టణపు ఆస్పత్రులలో బాలింత జ్వరము వెనుకంజ వేసెను.

కాని ఆస్పత్రియే లేని పల్లెల గతి యేమి? తల్లి బ్రతికినను నెల తిరుగకుండ పోవు పసికందుల గతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన పొరుగుననే లభించినది. ప్రాణహితకు ఆవలియొడ్డున మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లా కలదు. దాని దక్షిణభాగమున, సిరోంచ ప్రాంతమున, తెలుగు మాటలాడువారు నేటికిని కలరు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1986లో ఆ జిల్లాకు వచ్చి పని ప్రారంభించిరి. తమ నివాసమునకు శోధగ్రామమని పేరిడిరి.

వారును మొదట చేసినది లెక్కయే. పేరు పెట్టకముందే పోయిన బిడ్డను మన పల్లెలలో ఎవరును లెక్కింపరు. తల్లి కన్నీరు తప్ప వేఱు గుఱుతు మిగులదు. వారు 1993 మొదలు ఊరూర ప్రతి జననమును, ప్రతి మరణమును వ్రాయించిరి. వేయిమంది శిశువులు పుట్టిన సుమారు 60 మంది నెలలోపలనే పోవుచున్నట్లు తేలెను. 1995లో 39 గ్రామములలో, కొంచెము చదువు వచ్చిన ఆ యూరి స్త్రీలనే యెన్నుకొని శిక్షణ మిచ్చిరి. శిశువును తూచుట, వెచ్చగా నుంచుట, ఊపిరి తీయనిచో తీయించుట, తల్లిపాలు పట్టించుట, రక్తము విషమైన చిహ్నములను గుర్తించి మందును సూదిద్వారా ఇచ్చుట, ఇవి వారు నేర్చిన విద్యలు. పోల్చిచూచుటకై మఱి 47 గ్రామములలో లెక్క మాత్రము వ్రాయించిరి.

పల్లెటూరి యాడుది పసిబిడ్డకు సూది వేయుటయా యని సందేహించినవారు లేకపోలేదు. ఆ సందేహము నిందింపదగినది కాదు. పసిప్రాణముతో ప్రయోగము చేయునపుడు సందేహింపవలసినదే. దానికి ప్రత్యుత్తరము వాదము కాదు, లెక్క. మూడవ యేటికి ఆ 39 గ్రామములలో శిశుమరణములు వేయికి 62 నుండి 25కు దిగెను. తక్కిన గ్రామములలో తగ్గనేలేదు. 1999 డిసెంబరులో ఈ ఫలితములు లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటితములయ్యెను. 2011లో భారత ప్రభుత్వము ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోయి పసికందులను చూచుపద్ధతిని దేశమంతటికిని ఏర్పఱచెను. నేడు మన వీధిలోనికి సంచి తగిలించుకొని వచ్చు ఆశా కార్యకర్త వెనుక ఇంతటి చరిత్ర కలదు.

ఈ మూడు కథలలోని సారము ఒక్కటే. ప్రసూతి విషయమున పరిశోధన యనగా గొప్ప యంత్రములు కావు. పోయినవారిని లెక్కించుట, పోనివారితో పోల్చుట, ఆ లెక్క మనలనే దోషులని చూపినను ఒప్పుకొనుట. మొదటి రెండును శ్రమతో సాధ్యములు. మూడవదియే కష్టము.

అయినచో మన పురిటి యాచారమంతయు చెడ్డదేనా యని యొక యిల్లాలు అడుగవచ్చును. అంతయు కాదు. బాలింతకు పది దినములు విశ్రాంతి నిచ్చుట మంచిది. ఊరివారందఱును వచ్చి పసిబిడ్డను చేతులు మార్చకుండ ఆపుట మంచిది. ఈ మేళ్లను నిలుపుకొందము. చీకటిగదిని, చింపిగుడ్డలను, తల్లిని చూచి ముక్కు ముడుచుకొను ఏహ్యభావమును విడిచిపెట్టుదము. స్నానము చేయవలదని ఎవరును చెప్పుటలేదు. ఆ శుద్ధిని గడపకు ఈవలినుండి ఆవలికి మార్చుడనియే ప్రార్థన. లోపలినుండి వచ్చిన తరువాత కాదు, లోపలికి పోకముందు చేతులు కడుగుకొనుడు.

2018-20 సంవత్సరముల ప్రభుత్వపు లెక్కలలో లక్ష జననములకు దేశమున 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43 మంది తల్లులు మరణించినట్లున్నది. ముత్తవ్వల కాలముతో పోల్చిన ఇది గొప్ప మేలే. కాని ఆ 43 మందిలో ప్రతియొక్కతెయు ఒక యింటి కూతురు. ఆమె ఏల పోయెనని అడుగువా రుండవలెను. జవాబు తమవైపే వ్రేలు చూపినను వినువా రుండవలెను. నొసటి వ్రాతయని మన మూరకుండినంతకాలము పురిటింటికి పట్టిన మైల మనదే, తల్లిది కాదు.