చీకటి గది నుంచి ఉప్పు స్ఫటికం దాకా: రేడియేషన్‌ను పట్టుకున్న కథ



2019లో నల్లమలలో యురేనియం సర్వే వద్దని జరిగిన ఉద్యమం అందరికీ గుర్తుండే ఉంటుంది. అసలు కంటికి కనబడని, వాసన లేని రేడియేషన్‌ను ఎట్లా కొలుస్తారు? ఆ చరిత్ర కొంచెం చెప్తాను.

మొదట్లో మనిషి కన్నే మీటరు. 1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చొని, జింక్ సల్ఫైడ్ తెర మీద పడే మెరుపులను మైక్రోస్కోప్‌లో ఒక్కొక్కటే లెక్కపెట్టేవాళ్లు. మార్స్‌డెన్ అప్పటికి 20 ఏళ్ల విద్యార్థి, మన వయసువాడే. తర్వాత కంటి పని ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ తీసుకుంది. అది చిన్న మెరుపును కూడా కరెంటుగా మార్చి లక్షల రెట్లు పెంచుతుంది.

అసలు మలుపు 1948. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ సోడియం అయొడైడ్‌లో కొద్దిగా థాలియం కలిపి చూశాడు. ఇది మనం తినే ఉప్పుకు చుట్టమే. అందులోని అయొడిన్ బరువైన మూలకం కాబట్టి గామా కిరణాలను ఆపుతుంది, థాలియం ఆ శక్తిని వెలుగుగా బయటికి పంపుతుంది.

ఈ స్ఫటికం పెంచడానికి ఓపిక కావాలి. ఉప్పును సుమారు 660 డిగ్రీల దగ్గర కరిగించి, ఒక కొస నుంచి మెల్లగా గడ్డకట్టనివ్వాలి. తొందరపడితే పగుళ్లే. పైగా వానాకాలం ఉప్పులాగా తేమ పీల్చి పాడైపోతుంది, అందుకే అల్యూమినియం డబ్బాలో సీల్ చేస్తారు. పరీక్షకు సీజియం-137ను ముందు పెడతారు. దాని గామా శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. గ్రాఫ్‌లో అక్కడ వచ్చే శిఖరం ఎంత సన్నగా ఉంటే స్ఫటికం అంత మంచిది. సోడియం అయొడైడ్‌లో ఆ వెడల్పు సుమారు 7 శాతం. 2001లో వచ్చిన లాంథనమ్ బ్రోమైడ్‌లో 3 శాతమే, కానీ ఖరీదు ఎక్కువ. అందుకే పాత ఉప్పు స్ఫటికం ఇప్పటికీ నడుస్తోంది.

ఇది మనకెందుకంటే, కొండల్లో యురేనియం వెతికేది ఇట్లాంటి స్ఫటికాలతోనే. జార్ఖండ్‌లోని జాదుగూడలో, ఆదివాసీల నేల మీద 1967 నుంచి యురేనియం తవ్వుతున్నారు. గని పక్కన ఊళ్లో గామా ఎంతుందో చెప్పేది కూడా అదే స్ఫటికం. అయితే అది తక్కువ చూపించిందని నీళ్లు మంచివని కాదు. నీటిలో యురేనియానికి వేరే పరీక్ష ఉంది. రేపు ఎవరైనా అంకెలు తెచ్చి ఊళ్లో చదివితే "ఏ మీటరు, ఏం కొలిచారు, ఎక్కడ కొలిచారు?" అని అడగగలిగేవాళ్లు మనలో ఉండాలి.

ఫిజిక్స్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ పని మీదే!